ఐర్లండ్ పత్రికల సర్క్యులేషన్ అంకెలు: యాడ్ ఇచ్చే ముందు ఏం అడగాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: డబ్లిన్‌లో పొడులు, పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టారు. ఇప్పటిదాకా మనవాళ్ళకే అమ్మారు, ఇక ఐరిష్ ఇళ్ళకు కూడా చేరాలని ఉంది. ఒక మంత్లీ మ్యాగజైన్ సేల్స్ అతను వచ్చి “మా సర్క్యులేషన్ 30,000, చదివేవాళ్ళు లక్ష మంది, ఫుల్ పేజీ 2,400 యూరోలు” అన్నాడు. ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) వారపత్రిక వాళ్ళేమో “మేము అమ్మేది 9,000 కాపీలు” అన్నారు. ఈ అంకెలు ఎక్కడ సరిచూసుకోవాలి, ఎవరి మాట నమ్మాలి, శుక్రవారంలోపు ఏదో ఒకటి తేల్చాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఐర్లండ్‌లో ఇప్పుడు అన్ని పత్రికలనూ ఒకే కొలతతో కొలిచి, అందరికీ కనపడేలా పెట్టే లెక్క లేదు. ఒకప్పుడు చాలావరకు ఉండేది. అది పోయాక ఎవరికి అనుకూలమైన అంకె వాళ్ళు చెబుతున్నారు. అందుకని “మీ సర్క్యులేషన్ ఎంత?” అని అడగకండి. “గత ఆరు నెలల్లో ఒక్కో సంచిక సగటున ఎన్ని కాపీలు డబ్బుకు అమ్ముడయ్యాయి, అందులో రిపబ్లిక్‌లో ఎన్ని, ఆ లెక్క బయటివాళ్ళు ఎవరు తనిఖీ చేశారు?” అని ఈమెయిల్‌లో అడగండి. రిపబ్లిక్ అంటే ఉత్తర ఐర్లండ్ కాకుండా మిగతా ఐర్లండ్, అంటే మీరున్న దేశం. ఈ మూడింటికీ జవాబు ఇచ్చినవాళ్ళతోనే రేటు మాట్లాడండి. మీరు చెప్పిన రెండింట్లో నేనైతే కౌంటీ పత్రిక వైపే మొగ్గుతాను. కారణం కింద వివరంగా రాస్తాను.

నేను 2004లో చదువుకోడానికి డబ్లిన్ వచ్చాను. మొదటి రెండేళ్ళు తెల్లవారుజామున ఒక న్యూస్ఏజెంట్ షాపులో పనిచేశాను. చదువయ్యాక యాడ్ ఏజెన్సీల్లో మీడియా బయింగ్ పని, అంటే క్లయింట్ల డబ్బుతో పత్రికల్లో స్థలం కొనే పని, పదహారేళ్ళు చేశాను. ఈ అంకెల గురించి ఏజెన్సీలో నేర్చుకున్న దానికన్నా ఆ షాపులో నేర్చుకున్నదే ఎక్కువ. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

పొద్దున ఐదుంబావుకి వ్యాన్ వచ్చి షట్టర్ ముందు కట్టలు పడేసి వెళ్ళిపోయేది. ప్లాస్టిక్ పట్టీ కత్తిరించి, డెలివరీ డాకెట్‌లో, అంటే సరుకు చీటీలో, రాసినన్ని కాపీలు వచ్చాయో లేదో లెక్కపెట్టేవాణ్ణి. శనివారం అయితే సప్లిమెంట్లు విడిగా వచ్చేవి, ఒక్కో పేపర్ మడతలో దూర్చి పేర్చేసరికి వేళ్ళు సిరాతో నల్లబడేవి. ఇంకో పక్కన నిన్నటి మిగులు. ఒక డైలీ 40 కాపీలు వచ్చి ఉంటే, 11 మిగిలితే, ఆ 11 లెక్కపెట్టి, రిటర్న్స్ డాకెట్ నింపి, తాడు కట్టి, అదే వ్యాన్‌కి ఇచ్చేవాళ్ళం. ఆ 11 కాపీల డబ్బు ఓనర్‌కి క్రెడిట్‌గా తిరిగొచ్చేది. అక్కడ వ్యాపారం అంతా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. అమ్మితే డబ్బు, అమ్మకపోతే వాపసు.

ఇక్కడ అచ్చు వేసింది ఎంతో ఉండొచ్చు, షాపుకి వచ్చింది 40, నిజంగా అమ్ముడైంది 29. సర్క్యులేషన్ అంటే ఆ 29. సేల్స్ వాళ్ళు చాలాసార్లు 40 చెబుతారు, కొందరు ఆ 40ని మూడుతో గుణించి 120 చెబుతారు. రెండింటిలోనూ పచ్చి అబద్ధం ఉండకపోవచ్చు. ఒకటి సరఫరా, ఇంకొకటి పాఠకుల అంచనా. కానీ మీరు డబ్బు కడుతున్నది ఏ అంకెకో మీకు తెలియాలి కదా.

మన ఊళ్ళలో పేపర్ బాయ్ గుమ్మంలో వేసి వెళ్తాడు, నెలాఖరున బిల్లు కడతాం. ఒకసారి పేపర్ వేయించుకోవడం మొదలుపెడితే ఏళ్ళ తరబడి అదే వస్తుంది. ఐర్లండ్‌లో ఎక్కువమంది షాపు కౌంటర్ దగ్గర, పాలు, బ్రెడ్డుతో పాటు పేపర్ కొంటారు. అంటే కొనాలా వద్దా అన్నది రోజూ కొత్తగా తీసుకునే నిర్ణయం. వాన గట్టిగా కురిస్తే అమ్మకం తగ్గేది. ఐరిష్ వాళ్ళ సంప్రదాయ ఆట హర్లింగ్, దాని ఆల్ ఐర్లండ్ ఫైనల్ మర్నాడు, గెలిచిన కౌంటీ మనిషి ఎవరైనా మా వీధిలో ఉంటే, ఒక్కడే నాలుగు కాపీలు కొనేవాడు. అందుకే ఒక మంచి రోజు అంకె చూపిస్తే నమ్మకూడదు, ఆరు నెలల సగటు కావాలి.

ఏబీసీ అంటే ఏమిటి, ఏమైంది?

ఆ సగటు చెప్పే సంస్థే ఏబీసీ, ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్. బ్రిటన్‌లో 1931లో మొదలైంది. మన దేశంలో 1948లో పెట్టిన ఏబీసీ వేరే సంస్థ, కానీ పని ఒకలాంటిదే. ఐర్లండ్‌కి విడిగా అలాంటి బ్యూరో లేదు. ఐరిష్ పత్రికలు బ్రిటన్ ఏబీసీ దగ్గరే ఆడిట్ చేయించుకునేవి. జనవరి నుంచి జూన్ వరకు లెక్క ఆగస్టులో, జూలై నుంచి డిసెంబరు వరకు లెక్క మరుసటి ఫిబ్రవరిలో వచ్చేవి. ఆ రెండు రోజులూ మా ఆఫీసులో పరీక్షా ఫలితాల రోజుల్లా ఉండేవి. ఎవరు పడ్డారు, ఎవరు ఎంత పడ్డారు అన్నదే మాట. పెరిగిన పత్రిక అరుదు.

పతనం ఎంతో తెలియాలంటే రెండు పేర్లు చాలు. ఐరిష్ ఇండిపెండెంట్ 2008 ప్రాంతంలో రోజుకు 1,60,000 దగ్గర ఉండేది. 2018 రెండో అర్ధభాగానికి సుమారు 84,000 అయింది. పదేళ్ళలో ఇంచుమించు సగం. ఐరిష్ టైమ్స్ 2008లో 1,18,000 దాటి ఉండేది, 2018కి అచ్చు కాపీలు 60,000 లోపుకి వచ్చాయి. ఆదివారం పత్రికల్లో సండే ట్రిబ్యూన్ 2011లో పూర్తిగా మూతపడింది. అంతకుముందే, 1995 మే నెలలో, ఐరిష్ నాయకుడు డి వలేరా పెట్టిన ఐరిష్ ప్రెస్ పత్రిక ఆగిపోయింది. అంటే అన్నిటికీ ఫోన్లే కారణం అనడం సరికాదు. 2008 తర్వాత వచ్చిన మాంద్యం గట్టి దెబ్బ. దాంతో పాటు ఇళ్ళ ప్రకటనలు, ఉద్యోగ ప్రకటనలు వెబ్‌సైట్లకు వెళ్ళిపోయాయి. గురువారం ఐరిష్ టైమ్స్‌లో ప్రాపర్టీ సప్లిమెంట్ ఎంత లావుగా ఉండేదో నాకు బాగా గుర్తు, దాని కోసమే పేపర్ కొనేవాళ్ళు ఉండేవారు. ఆ సంస్థ 2006లోనే దాదాపు 5 కోట్ల యూరోలు పెట్టి మైహోమ్ అనే ప్రాపర్టీ సైట్ కొనుక్కుంది. ప్రకటనలు ఎటు నడుస్తున్నాయో వాళ్ళకు అప్పుడే అర్థమైంది.

ఇక అసలు మలుపు 2019. ఇండిపెండెంట్, సండే ఇండిపెండెంట్, హెరాల్డ్, సండే వరల్డ్ పత్రికలున్న ఐఎన్ఎం సంస్థ ఏబీసీ ఆడిట్ నుంచి తప్పుకుంది. అదే ఏడాది ఆ సంస్థను బెల్జియం వాళ్ళ మీడియాహౌస్ 14.56 కోట్ల యూరోలకు కొన్నది. తర్వాత ఐరిష్ టైమ్స్ కూడా ఏబీసీ వదిలేసింది. 2020లో ఏబీసీ కూడా రూలు మార్చి, పత్రికలు కావాలంటే తమ అంకెలు బయటపెట్టకుండా ఉంచుకోవచ్చు అంది. పత్రికల వాదన ఏమిటంటే, మా వ్యాపారం ఇప్పుడు డిజిటల్ చందాల మీద నడుస్తోంది, అచ్చు కాపీల లెక్క ఒక్కటే చూపిస్తే మా అసలు బలం కనపడదు అని. ఐరిష్ టైమ్స్ 2015 నుంచి, ఇండిపెండెంట్ 2020 నుంచి వెబ్‌సైట్‌లో చదవడానికి చందా పెట్టాయి కాబట్టి ఆ మాటలో నిజం ఉంది.

కానీ ఆ వాదన నాకు మింగుడుపడదు. చందాల లెక్క కొత్తగా చేర్చండి, ఎవరూ కాదనరు. పాత లెక్క ఎందుకు తీసేయాలి? పెద్ద ఏజెన్సీలకు ఈ అంకెలు ఏదో ఒక దారిన అందుతాయి, వాళ్ళ దగ్గర లక్షల బడ్జెట్ ఉంటుంది. మీలాంటి చిన్న వ్యాపారికి మాత్రం చేతిలో ఏ కాగితమూ లేకుండా పోయింది. ఆడిట్ ఉన్నరోజుల్లో ఒక పచారీ కొట్టు ఓనర్ కూడా ఉచితంగా వెబ్‌సైట్ తెరిచి, పెద్ద ఏజెన్సీ చూసే అంకెనే చూడగలిగేవాడు. అది పోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఏబీసీ ఆడిట్ సర్టిఫికెట్ చేతికి వస్తే ఎలా చదవాలి?

కొన్ని వారపత్రికలు, మ్యాగజైన్లు ఆ తర్వాత కూడా ఆడిట్ చేయించుకుంటూ వచ్చాయి. మీకు అలాంటి కాగితం పంపితే పైన పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి ఆగిపోకండి. దాని కింద చిన్న పట్టిక ఉంటుంది, మన పని అంతా అందులోనే.

పూర్తి ధరకు అమ్మినవి ఒక వరస. తగ్గింపు ధరకు అమ్మినవి ఇంకో వరస. చందాదారులు మరో వరస. ఆ తర్వాత “బల్క్స్” అని ఒకటి ఉంటుంది. హోటళ్ళు, విమాన సంస్థలు, జిమ్‌ల లాంటివి నామమాత్రపు ధరకు కట్టలుగా తీసుకుని జనానికి ఉచితంగా ఇచ్చే కాపీలు ఇవి. ఒక హోటల్ రిసెప్షన్‌లో టేబుల్ మీద పేర్చి ఉన్న పేపర్లు సాయంత్రం దాకా అలాగే ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో. బల్క్స్ తప్పేమీ కాదు, ఏబీసీ వాటిని విడిగా చూపించమంటుంది. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, సేల్స్ షీట్‌లో వాటిని కలిపేసి ఒకే అంకెగా చెప్పినప్పుడు. పొడులు అమ్మే మీకు విమానాశ్రయంలో ఉచితంగా పేపర్ తీసుకున్న ప్రయాణికుడి వల్ల లాభం తక్కువ.

డిజిటల్ ఎడిషన్లూ అంతే. ఐరిష్ టైమ్స్ 2018 లెక్కే చూడండి, అచ్చు కాపీలు వేరు, డిజిటల్ కలిపి చెప్పిన మొత్తం వేరు. రెండోది బాగా ఎక్కువ. మీ యాడ్ అచ్చు పేజీలో మాత్రమే వస్తుంటే అచ్చు అంకె మీదే బేరం ఆడాలి.

దేశం సంగతి కూడా చూసుకోండి. “ఐర్లండ్” అంటే కొందరు ద్వీపం మొత్తం లెక్క చెబుతారు, ఉత్తర ఐర్లండ్‌తో కలిపి. అక్కడ బెల్‌ఫాస్ట్ టెలిగ్రాఫ్, ఐరిష్ న్యూస్, 1737 నుంచి వస్తున్న న్యూస్ లెటర్ ఉన్నాయి, కరెన్సీ పౌండ్లు, మార్కెట్ వేరు. ఇక డబ్లిన్ షాపుల్లో కనిపించే మ్యాగజైన్లలో చాలా లండన్ నుంచి వచ్చేవి. వాటి సర్టిఫికెట్‌లో పెద్ద అంకె ఉంటుంది గానీ అందులో రిపబ్లిక్ వాటా చాలా చిన్నది. ఒకసారి మా క్లయింట్ ఒకరు బ్రిటిష్ ఫుడ్ మ్యాగజైన్‌లో యాడ్ వేద్దామని పట్టుబట్టారు. సర్టిఫికెట్‌లో రిపబ్లిక్ వరస వేలుపెట్టి చూపించాక ఐదు నిమిషాల్లో ఆ మాట వదిలేశారు.

చదివేవాళ్ళు “లక్ష మంది” ఎలా అయ్యారు?

మీ సేల్స్ అతను 30,000 కాపీలు, లక్ష మంది పాఠకులు అన్నాడు. అంటే ఒక్కో కాపీ ముగ్గురికి పైగా చదువుతున్నారని లెక్క వేశాడు. అది అసాధ్యం కాదు. ఇంట్లో నలుగురుంటే పేపర్ నలుగురి చేతులూ మారుతుంది, డెంటిస్ట్ దగ్గర పడి ఉన్న మ్యాగజైన్ ఇంకా ఎక్కువమంది తిరగేస్తారు. కానీ పాఠకుల సంఖ్య అనేది సర్వే చేసి కనుక్కోవాల్సిన విషయం. ఐర్లండ్‌లో ఒకప్పుడు జేఎన్ఆర్ఎస్ అని పత్రికలు, ఏజెన్సీలు కలిసి చేయించే సర్వే ఉండేది, మన దేశంలో పత్రికల పాఠకులను లెక్కపెట్టే ఐఆర్ఎస్ (ఇండియన్ రీడర్‌షిప్ సర్వే) లాంటిది. అది ఆగిపోయాక కాంటార్ వాళ్ళ టీజీఐ సర్వే వాడుతున్నారు. పెద్ద పత్రికలకు ఆ సర్వేలో అంకె దొరుకుతుంది. చిన్న మ్యాగజైన్‌కి సర్వేలో సరిపడా మనుషులే దొరకరు. కాబట్టి “ఈ లక్ష ఏ సర్వేలోది?” అని అడగండి. సర్వే పేరు చెప్పలేకపోతే అది కాపీల సంఖ్యను మూడుతోనో నాలుగుతోనో గుణించిన అంకె. దానికి డబ్బు కట్టకూడదు.

ఇక్కడ నాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి. 2013 ప్రాంతంలో ఒక రెస్టారెంట్ క్లయింట్ కోసం ఒక లైఫ్‌స్టైల్ మ్యాగజైన్‌లో వరుసగా మూడు నెలలు పేజీ బుక్ చేశాను. ఆడిట్ లేదు, వాళ్ళ సొంత ప్రకటన మాత్రమే ఉంది. “సర్క్యులేషన్” అని వాళ్ళు ఇచ్చిన అంకె నిజానికి ప్రింట్ రన్, అంటే అచ్చు వేసిన కాపీలు. నేను ఆ తేడా అడగలేదు, అడగాల్సింది. మూడో నెల ఒక గోడౌన్‌కి వేరే పని మీద వెళ్తే అక్కడ మా యాడ్ ఉన్న సంచిక కట్టలు షాపుల నుంచి వాపసు వచ్చి, పట్టీలు కూడా విప్పకుండా పడి ఉన్నాయి. క్లయింట్ చిన్న మనిషి, ఆయన సేవింగ్స్ నుంచి పెట్టిన డబ్బు. ఆయన దగ్గరకు వెళ్ళి విషయం చెప్పడం ఆ ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. అప్పటినుంచి “సర్క్యులేషన్” అన్న మాట వినగానే అచ్చు వేసినవా, పంచినవా, అమ్మినవా అని మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకున్నాను.

మీ లెక్కే తీసుకుందాం. 2,400 యూరోల పేజీ, 30,000 కాపీలు నిజంగా అమ్ముడైతే వెయ్యి కాపీలకు 80 యూరోలు పడుతుంది. ఆ 30,000 ప్రింట్ రన్ అయి, అమ్ముడైనవి 9,000 అయితే అదే వెయ్యి కాపీలకు 266 యూరోలు దాటుతుంది. పేజీ అదే, కాగితం అదే, మీకు పడే ధర మూడింతల పైనే.

ఆడిట్ లేని మ్యాగజైన్ అయితే ప్రింటర్ ఇచ్చిన ఇన్‌వాయిస్, పోస్టులో పంపితే అన్ పోస్ట్ (ఐర్లండ్ తపాలా సంస్థ) డాకెట్ కాపీ, హోల్‌సేలర్ ఇచ్చే సేల్స్, రిటర్న్స్ స్టేట్‌మెంట్ అడగండి. నేను ఆ పనిలో ఉన్న రోజుల్లో హోల్‌సేల్ అంటే ముఖ్యంగా రెండు పేర్లే, న్యూస్‌ప్రెడ్, ఈఎం న్యూస్. హోల్‌సేలర్ల దగ్గర ఏ షాపుకి ఎన్ని వెళ్ళాయో, ఎన్ని తిరిగొచ్చాయో లెక్క ఉంటుంది. నిజాయితీగల పబ్లిషర్ ఈ కాగితాలు చూపించడానికి వెనకాడడు. రేట్లు నల్లగా కొట్టేసి పంపినా పర్లేదు, మనకు కావాల్సింది కాపీల సంఖ్యే.

మ్యాగజైన్లు అన్నీ ఒకటే అనుకోకండి కూడా. ఆర్‌టీఈ గైడ్ 1961 నుంచి వస్తున్న టీవీ వీక్లీ, దాని క్రిస్మస్ డబుల్ సంచిక కోసం ఇళ్ళలో ఎదురుచూస్తారు, పెన్నుతో సినిమాల చుట్టూ గీతలు గీసుకుంటారు. ఆ ఒక్క సంచిక అమ్మకం మామూలు వారాలతో పోల్చకూడదు. వెక్స్‌ఫర్డ్ నుంచి 1902 నుంచి వస్తున్న ఐర్లండ్స్ ఓన్ పెద్దవాళ్ళ పత్రిక, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఐరిష్ ఫార్మర్స్ జర్నల్ 1948లో మొదలైంది, డైలీలు సగానికి పడిపోతున్న రోజుల్లో కూడా చాలా ఏళ్ళు 60,000, 70,000 మధ్య నిలబడింది. పశువుల సంతలో ధరలు, ఎరువుల రేట్లు, గడ్డి ఎప్పుడు కోయాలి అన్నవి రైతుకి వేరే చోట అంత నమ్మకంగా దొరకవు కాబట్టి. కొనేవాడికి పత్రికతో ఏ పని ఉందో అదే దాని సర్క్యులేషన్‌ని నిలబెడుతుంది.

కౌంటీ వారపత్రిక వైపు ఎందుకు మొగ్గాను?

కావన్‌లో ఆంగ్లో సెల్ట్, గాల్వేలో కనాక్ట్ ట్రిబ్యూన్, ట్రలీలో కెర్రీమన్, లిమరిక్‌లో లిమరిక్ లీడర్. ఇలా ప్రతి కౌంటీకి ఒకటో రెండో ఉంటాయి, చాలావాటికి వందేళ్ళు దాటాయి. వీటి విలువ కూడా బాగా పడిపోయింది, దాచడానికేమీ లేదు. జాన్‌స్టన్ ప్రెస్ అనే బ్రిటిష్ సంస్థ 2005లో లీన్‌స్టర్ లీడర్ గ్రూపు ఒక్కదానికే 13.8 కోట్ల యూరోలకు పైగా పెట్టింది. 2014లో అక్కడున్న తన 14 పత్రికలనూ కలిపి సుమారు 85 లక్షల యూరోలకు అమ్ముకుని వెళ్ళిపోయింది.

అయినా కౌంటీ పత్రికను మనుషులు చదివే పద్ధతి వేరు. అది వారమంతా వంటింటి టేబుల్ మీద ఉంటుంది. స్థానిక కోర్టు వార్తలు, గేలిక్ ఫుట్‌బాల్ అండర్ 14 జట్టు ఫోటో, పెళ్ళిళ్ళు, చావు వార్తలు అందులోనే. చావు వార్తలు అంటే అక్కడ ఎంత పట్టింపో మనవాళ్ళకు చెబితే ఆశ్చర్యపోతారు. ఎవరు పోయారు, అంత్యక్రియలు ఎప్పుడు అన్నది తెలుసుకుని వెళ్ళి కుటుంబాన్ని పలకరించడం అక్కడ తప్పనిసరి మర్యాద, మన పల్లెల్లో పరామర్శకు వెళ్ళినట్టే. ఆ పని 2005లో వచ్చిన ఆర్‌ఐపీ డాట్ ఐఈ అనే సైట్ లాక్కుంది. 2024లో ఐరిష్ టైమ్స్ గ్రూప్ ఆ సైట్‌ని కూడా కొనేసి, 2025 జనవరి నుంచి ఒక్కో నోటీసుకు 100 యూరోలు తీసుకోవడం మొదలుపెట్టింది.

మరో చిన్న ఆధారం ఉంది, చాలామందికి తోచదు. ఐర్లండ్‌లో ఏదైనా కట్టాలన్నా, దుకాణాన్ని రెస్టారెంట్‌గా మార్చాలన్నా ప్లానింగ్ అప్లికేషన్ పెట్టే ముందు రెండు వారాల్లోపు పేపర్‌లో నోటీసు వేయాలి. ఏ పేపర్లలో వేస్తే చెల్లుతుందో ఆ ప్రాంత కౌన్సిల్ ఒక జాబితా పెడుతుంది. మీరు చూస్తున్న వారపత్రిక ఆ జాబితాలో ఉందా అని కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి. ఉంటే, ఆ ప్రాంతంలో అది నిజంగా తిరుగుతున్న పేపరని కౌన్సిల్ ఒప్పుకున్నట్టు. ఎన్ని కాపీలో అది చెప్పదు, కానీ గాలి పత్రిక కాదని తెలుస్తుంది. రేపు మీరు కిచెన్ పెట్టుకునేటప్పుడు కూడా ఈ జాబితా అవసరపడుతుంది.

నా అనుభవంలో మిడ్‌ల్యాండ్స్‌లోని, అంటే దేశం మధ్య ప్రాంతంలోని, ఒక చిన్న ఊళ్ళో హైదరాబాద్ అతను రెస్టారెంట్ పెట్టాడు. ఆదివారం జాతీయ పత్రికలో ఒక్కసారి పావు పేజీ వేద్దామన్నాడు. నేను ఆ డబ్బుతోనే కౌంటీ వారపత్రికలో ఆరు వారాలు, కింద కత్తిరించే కూపన్‌తో వేద్దామన్నాను. బిర్యానీతో పాటు ఒక స్టార్టర్ ఫ్రీ, అంతే ఆఫర్. ఆరు వారాల్లో 140 దాకా కూపన్లు వచ్చాయి. వాటిలో కొన్ని కత్తెరతో కాకుండా చేత్తో చింపినవి, ఒకదాని వెనక ఎవరిదో పచారీ లిస్టు రాసి ఉంది. అంటే ఆ పేపర్ నిజంగా వంటింట్లోకి వెళ్ళింది. ఏ సర్టిఫికెట్ ఇవ్వలేని రుజువు అది. మీరు కూడా కూపనో, ఆ పేపర్‌కి మాత్రమే ఇచ్చే డిస్కౌంట్ కోడో తప్పకుండా పెట్టండి. రెండో యాడ్ ఇవ్వాలా వద్దా అన్నది అదే చెబుతుంది.

ఒక హెచ్చరిక కూడా. కౌంటీ పత్రిక మీ సరుకు దొరికే కౌంటీదే అయి ఉండాలి. మీ పచ్చళ్ళు డబ్లిన్‌లో మూడు షాపుల్లోనే ఉంటే కెర్రీలో యాడ్ వేసి ప్రయోజనం లేదు, ఆన్‌లైన్ డెలివరీ గట్టిగా ఉంటే తప్ప. ఇంకో మాట, మీకు కావాల్సింది మనవాళ్ళే అయితే అచ్చు పత్రికల జోలికే వెళ్ళకండి. 2022 జనాభా లెక్కల్లో 51 లక్షల పైచిలుకు జనాభాలో భారత పౌరులు 45,449 మంది. అందులో తెలుగువాళ్ళని వెతకడానికి ఇండియన్ స్టోర్ కౌంటర్, వాట్సాప్ గ్రూపులు, ఉగాది, బతుకమ్మ వేడుకల్లో ఒక స్టాల్ చాలు. వలస వచ్చినవాళ్ళ కోసం 2000లో ఇద్దరు నైజీరియన్ జర్నలిస్టులు మెట్రో ఏరన్ అనే పత్రిక పెట్టారు, అలాంటి ప్రయత్నాలంటే నాకు గౌరవం. కానీ మీరు ఐరిష్ ఇళ్ళకు చేరాలనుకుంటున్నారు, దానికి దారి వేరు.

ఉచిత పత్రికల వాళ్ళు కూడా మీ దగ్గరకు వస్తారు. వాళ్ళ అంకెను “డిస్ట్రిబ్యూషన్” అంటారు, అమ్మకం కాదు. డబ్లిన్‌లో 2005లో రెండు ఉచిత పేపర్లు ఒకేసారి మొదలై, స్టేషన్ల దగ్గర చేతుల్లో పెట్టేవాళ్ళు. తర్వాత రెండూ కలిసి మెట్రో హెరాల్డ్ అయి, 2014 డిసెంబరులో ఆగిపోయింది. చేతిలో పెట్టినవి చదివారో లేదో చెప్పే వీలు లేదు కాబట్టి వాటికి నేను రేటు ఎప్పుడూ సగానికి తగ్గించి అడిగేవాణ్ణి.

ఇప్పుడు మీ శుక్రవారం సంగతి. ఈ రోజే రెండు పత్రికలకూ ఒకే ఈమెయిల్ పంపండి. అందులో ఇవి అడగండి: గత ఆరు నెలల్లో సగటు పెయిడ్ సేల్, అందులో పూర్తి ధర, తగ్గింపు, చందా, బల్క్స్ విడివిడిగా, రిపబ్లిక్ వాటా, ఆడిట్ చేసినవారి పేరు, ఆడిట్ లేకపోతే ప్రింటర్, హోల్‌సేలర్ కాగితాలు. చివర్లో “ఈ వివరాలు ఆర్డర్‌లో భాగంగా ఉంటాయి” అని ఒక వాక్యం చేర్చండి. ఆ ఒక్క వాక్యంతో చాలా అంకెలు వాటంతట అవే తగ్గుతాయి. 2,400 అన్నది రేట్ కార్డ్ ధర, అంటే పత్రిక తన ధరల పట్టికలో రాసుకున్నది. మొదటిసారి ఇచ్చేవాళ్ళకు దానికన్నా బాగా తక్కువకే ఇస్తారు, మొహమాటపడకుండా అడగండి. ధరలో వ్యాట్ కలిసి ఉందో లేదో కూడా చూసుకోండి. 2023 జనవరి నుంచి న్యూస్‌పేపర్ కొనుగోలు మీద వ్యాట్ సున్నా అయింది గానీ, అది పాఠకుడు కొనే కాపీకి, మీరు కొనే యాడ్ స్థలానికి కాదు.

మ్యాగజైన్ అతను “శుక్రవారం దాటితే ఆ పేజీ పోతుంది” అని టెన్షన్ పెడతాడు. పోనివ్వండి, వచ్చే నెల ఇంకో సంచిక ఉంటుంది. జవాబులు వచ్చాక పత్రికల పేర్లు తీసేసి అంకెలు ఇక్కడ పెట్టండి, వెయ్యి కాపీలకు ఎంత పడుతోందో లెక్క వేసి చెప్తాను.